ఈవీ స్టీరింగ్ లూజ్ అయిందా? రాక్ మొత్తం మార్చమంటే ఒప్పుకునే ముందు ఈ పరీక్షలు చేయించండి

హైవేపై 80 స్పీడ్‌లో వెళ్తుంటే కారు లేన్‌లో నిలవడం లేదు. స్టీరింగ్ కాస్త తిప్పితే బండి స్పందించదు, ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా పక్కకు లాగుతుంది. గుంతలో పడితే ముందు వైపు నుంచి టక్‌మని శబ్దం. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే కంప్యూటర్ పెట్టి చూసి "ఎర్రర్ ఏమీ లేదు, బండి బాగానే ఉంది" అంటారు. లేదంటే "స్టీరింగ్ రాక్ పోయింది, మొత్తం మార్చాలి" అని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెడతారు. ఎలక్ట్రిక్ కార్ల ఓనర్లలో చాలామందికి ఎదురయ్యే పరిస్థితి ఇది.

నిజానికి ఈ రెండు మాటలూ తప్పు కావచ్చు. స్టీరింగ్ లూజ్ కావడానికి కారణం ఎక్కువగా ఒక చిన్న బాల్ జాయింటో, రబ్బరు బుష్షో, సరిగా బిగించని బోల్టో అయి ఉంటుంది. దాన్ని కంప్యూటర్ చూడలేదు. చేత్తో పట్టుకుని ఊపి చూడాల్సిందే. ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి, ఏది మార్చాలి, ఈవీ కాబట్టి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? పూర్తి వివరాలు ఇవీ.

తేలికగా ఉందా? లూజ్‌గా ఉందా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఈ రెండూ ఒకటి కాదు.

స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతోంది, కానీ తిప్పిన వెంటనే చక్రాలు కూడా తిరుగుతున్నాయి అంటే అది తేలిక స్టీరింగ్. ఈవీల్లో ఇది మామూలే. చాలా మోడళ్లలో కంఫర్ట్, స్పోర్ట్ లాంటి స్టీరింగ్ మోడ్‌లు ఉంటాయి. స్పోర్ట్‌లో పెడితే బరువు పెరుగుతుంది. అలా పెరిగితే రిపేర్ ఏమీ అక్కర్లేదు.

స్టీరింగ్ అటూ ఇటూ కొంత దూరం కదులుతోంది కానీ చక్రాలు కదలడం లేదంటే అది అసలైన లూజ్. మెకానిక్‌లు దీన్నే "ప్లే" అంటారు. స్టీరింగ్ వీల్ నుంచి టైరు వరకు ఉన్న జాయింట్లలో ఎక్కడో సందు వచ్చిందని అర్థం.

మూడో రకం కూడా ఉంది. స్టీరింగ్‌లో ప్లే లేదు, అయినా బండి రోడ్డు మీద అటూ ఇటూ తేలుతోంది. ఇది టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్, వెనక సస్పెన్షన్ బుష్‌ల వైపు చూపించే లక్షణం. ఈ తేడా మెకానిక్‌కు స్పష్టంగా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఈవీలో స్టీరింగ్ పనిచేసేది ఇలా

ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ ఉండదు కాబట్టి ఇంజిన్ బెల్టుతో తిరిగే హైడ్రాలిక్ పంపు కూడా ఉండదు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, అంటే ఈపీఎస్ ఉంటుంది. డ్రైవర్ ఎంత బలంతో తిప్పుతున్నాడో టార్క్ సెన్సర్ చూసి చెబుతుంది. దాన్ని బట్టి ఒక మోటార్ సాయం చేస్తుంది. కొన్ని కార్లలో ఈ మోటార్ డ్యాష్‌బోర్డ్ కింద స్టీరింగ్ కాలమ్‌పై ఉంటుంది. కొన్నింటిలో కింద రాక్ మీదే ఉంటుంది.

మోటార్ ఎక్కడున్నా, ఇప్పుడు రోడ్డు మీదున్న ఈవీల్లో దాదాపు అన్నింటిలోనూ స్టీరింగ్‌కు, చక్రాలకు మధ్య ఇనుప లింకు ఉంటుంది. స్టీరింగ్ వీల్, కాలమ్, మధ్యలో యూనివర్సల్ జాయింట్లున్న షాఫ్ట్, రాక్, రాక్ ఎండ్, టై రాడ్ ఎండ్, చివరికి చక్రం. టెస్లా సైబర్‌ట్రక్ లాంటి కొన్ని మోడళ్లలో మాత్రమే ఈ లింకు లేకుండా వైర్ల ద్వారా స్టీరింగ్ పనిచేస్తుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈపీఎస్ మోటార్ గానీ, దానికి కరెంట్ ఇచ్చే 12 వోల్ట్ బ్యాటరీ గానీ పాడైతే స్టీరింగ్ బరువెక్కుతుంది, డ్యాష్‌బోర్డ్‌లో వార్నింగ్ లైట్ వస్తుంది. లూజ్ కాదు. లూజ్ అయిందంటే దాదాపు ఎప్పుడూ అది మెకానికల్ సమస్యే. అరిగిన బాల్ జాయింట్‌లో సెన్సర్ ఉండదు కాబట్టి స్కానర్‌లో ఎర్రర్ కోడ్ రాదు. "కోడ్ లేదు కాబట్టి ప్రాబ్లం లేదు" అన్న మాటతో సరిపెట్టుకోకూడదు అనేది ఇందుకే.

ఈవీల్లో ఎందుకు త్వరగా అరుగుతాయి?

బరువు మొదటి కారణం. బ్యాటరీ ప్యాక్ ఒక్కటే కొన్ని వందల కిలోలు ఉంటుంది. అదే సైజు పెట్రోల్ కారుతో పోలిస్తే ఈవీ బరువు ఎక్కువ. గుంతలో చక్రం పడిన ప్రతిసారీ ఆ బరువంతా బాల్ జాయింట్లు, బుష్‌లు, బేరింగుల మీద పడుతుంది.

రెండోది పికప్. ఎలక్ట్రిక్ మోటార్ సున్నా స్పీడ్ నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే చక్రం ముందుకు లాగుతుంది. కాలు తీయగానే రీజెన్ బ్రేకింగ్ వల్ల వెనక్కి లాగుతుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు రోజంతా ఈ ముందుకు వెనక్కు లాగుడును భరించాలి.

మూడోది నిశ్శబ్దం. ఇది సమస్యకు కారణం కాదు, కానీ సమస్యను బయటపెడుతుంది. డీజిల్ బండిలో ఇంజిన్ మోతలో కలిసిపోయే చిన్న లొడలొడ శబ్దం ఈవీలో స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి ఈవీలో శబ్దం వచ్చిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయనూ కూడదు.

వీటికి తోడు వానాకాలం నీళ్లు. జాయింట్ మీది రబ్బరు బూట్ చిరిగితే లోపలి గ్రీజు పోయి నీరు, ఇసుక చేరతాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద సమయంలో విజయవాడలో వేల బండ్లు మునిగిపోయిన సంగతి తెలిసిందే. అలా నీళ్లలో నిలిచిన కారును సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే స్టీరింగ్ రాక్ బూట్లు విప్పించి లోపల తుప్పు ఉందేమో చూడాల్సిందే.

ఎంత ప్లే ఉంటే ప్రమాదం? చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 98వ రూల్ స్టీరింగ్ గురించే. స్టీరింగ్ వీల్ దగ్గర ప్లే 30 డిగ్రీలు దాటకూడదని, బాల్ జాయింట్లపై రబ్బరు క్యాపులు ఉండాలని, బోల్టులు లేదా పిన్నులు ఊడిపోకుండా లాక్ అయి ఉండాలని ఆ రూల్ చెబుతుంది.

వినడానికి 30 డిగ్రీలు చిన్నగానే అనిపిస్తుంది. కానీ 38 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీరింగ్ వీల్ అంచు దగ్గర కొలిస్తే అది దాదాపు 10 సెంటీమీటర్లు. అంటే అరచేయి అంత. లారీలు, పాత జీపుల నుంచి కొత్త కార్ల దాకా అన్నింటికీ వర్తించే పరిమితి అది. ఈ కాలపు కారులో అంత ప్లే ఉంటే హైవే ఎక్కకూడదు.

కార్ల కంపెనీల సర్వీస్ మాన్యువల్స్‌లో లెక్క వేరు. వీల్ అంచు దగ్గర 30 మిల్లీమీటర్ల లోపు ఉండాలని చాలా మాన్యువల్స్‌లో కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఏటా చేసే ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్షలో రాక్ అండ్ పినియన్ స్టీరింగ్‌కు, 38 సెంటీమీటర్ల వీల్‌పై 13 మిల్లీమీటర్లు మాత్రమే అనుమతిస్తారు. మధ్యలో ఎక్కువ జాయింట్లున్న బండ్లకు కొంత సడలింపు ఉంటుంది.

ఇంటి లెక్కలో చెప్పాలంటే ఒక వేలి వెడల్పు ప్లే ఉంటే గమనిస్తూ ఉండాలి. రెండు వేళ్లు దాటితే వర్క్‌షాప్‌కు వెళ్లాలి. కొత్తగా వచ్చినా, రోజురోజుకూ పెరుగుతున్నా కొలత ఎంతన్నది చూడకుండా వెంటనే చూపించాలి.

ఇంటి దగ్గరే చేసుకునే చెక్

ఇవన్నీ సమతలంగా ఉన్న చోట, కారు P లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లో చెక్కలో అడ్డం పెట్టి చేయాలి. జాకీ అవసరం లేదు.

1. టైర్లలో గాలి: డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్‌పై సరైన ప్రెషర్ ఉంటుంది. ఈవీకి ఇది పెట్రోల్ మోడల్ కంటే ఎక్కువ ఉండొచ్చు. పంక్చర్ షాపులో అన్ని బండ్లకూ కొట్టినట్టే గాలి కొడితే సరిపోకపోవచ్చు. గాలి తక్కువైతే స్టీరింగ్ మెత్తగా, బండి ఊగుతున్నట్టు ఉంటుంది.

2. టైర్లు కొత్తవా: కొత్త టైర్లు వేయించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు స్టీరింగ్ కొంచెం అస్పష్టంగా అనిపించడం సహజం. ఈవీ బరువుకు తగ్గ లోడ్ రేటింగ్ లేని టైర్లు వేస్తే మాత్రం ఆ ఊగుడు తగ్గదు. పాత టైరుపై ఉన్న లోడ్ ఇండెక్స్ నంబర్ కంటే తక్కువది వేయకూడదు.

3. వీల్ నట్లు: ఈమధ్య పంక్చర్ వేయించారా? టైర్లు మార్పించారా? అయితే నట్లు సరిగా బిగించారో లేదో ముందు చూడాలి. అన్నిటికంటే సులభంగా దొరికే కారణం ఇదే. అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే.

4. ప్లే కొలవడం: చక్రాలు నేరుగా ఉంచి, కారును రెడీ మోడ్‌లో పెట్టి, స్టీరింగ్ వీల్ పైభాగంలో చిన్న టేప్ ముక్క అతికించాలి. వీల్ వెనక డ్యాష్‌బోర్డ్‌పై స్కేలు పెట్టాలి. వేళ్లతో మెల్లగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పాలి. బయట ఇంకొకరు ముందు టైరు చూస్తూ అది కదలడం మొదలవగానే చెప్పాలి. టేపు ఆ రెండు చోట్ల మధ్య ఎంత దూరం కదిలిందో అదే ప్లే. ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకుంటే సర్వీస్ సెంటర్‌లో చూపించడానికి పనికొస్తుంది.

5. కాలమ్: స్టీరింగ్ వీల్‌ను రెండు చేతులతో పట్టుకుని తిప్పకుండా పైకీ కిందకీ, ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. కదిలితే టిల్ట్ లివర్ బిగించి మళ్లీ చూడాలి. అయినా వీల్ లొడలొడలాడితే కారు నడపకూడదు. వీల్ మధ్యలోని బోల్టు వదులై ఉండొచ్చు.

వర్క్‌షాప్‌లో అడిగి చేయించాల్సిన పరీక్షలు

మొదటిది ఊపుడు పరీక్ష. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. గుంట మీద గానీ, చక్రాలు ఆనే ర్యాంప్ మీద గానీ నిలపాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ చిన్నగా, త్వరగా ఊపాలి. మరొకరు కింద నుంచి ఒక్కో జాయింట్‌పై చెయ్యి పెట్టి చూడాలి. ఏ జాయింట్‌లో ఒక వైపు కదిలి రెండో వైపు ఆలస్యంగా కదులుతుందో అదే దొంగ. టక్‌మనే శబ్దం చెవి కంటే ముందు చేతికి తెలుస్తుంది. ఈవీ రెడీ మోడ్‌లో ఉన్నా శబ్దం ఉండదు. కాబట్టి కింద మనిషి ఉన్నంతసేపూ P లో, పార్కింగ్ బ్రేక్‌తో, చక్రాలకు అడ్డాలతో ఉందని లోపల ఉన్న వ్యక్తి చూసుకోవాలి. యాక్సిలరేటర్ దగ్గరకు కాలు పోకూడదు.

రెండోది చక్రాన్ని ఊపే పరీక్ష. ఈసారి కారును ఆఫ్ చేసి, ముందు చక్రాన్ని పైకి లేపి, స్టాండ్ పెట్టాలి. టైరును గడియారంలా అనుకోవాలి.

9, 3 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే మాత్రమే ప్లే ఉంటే టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ లేదా రాక్‌లో లోపం.

12, 6 దగ్గర పట్టుకుని ఊపితే మాత్రమే ప్లే ఉంటే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌పై అనుమానం.

రెండు రకాలుగానూ ప్లే ఉంటే వీల్ బేరింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. దీన్ని తేల్చే ఉపాయం ఒకటుంది. లోపల ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. ఆ ప్లే పోతే బేరింగ్. పోకపోతే జాయింట్.

టై రాడ్ ఎండ్ బయటికి కనిపిస్తుంది కాబట్టి చేత్తో తెలుస్తుంది. రాక్ ఎండ్ మాత్రం మడతల రబ్బరు బూట్ లోపల ఉంటుంది. బూట్‌ను వేళ్లతో నొక్కి పట్టుకుని ఇంకొకరితో చక్రం ఊపిస్తే లోపలి కదలిక తెలిసిపోతుంది.

లక్షణాన్ని బట్టి కారణం

గుంతల్లో టక్ టక్ శబ్దం, స్టీరింగ్‌లో చిన్న ప్లే: టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్, లేదా లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్. స్టీరింగ్‌లో ప్లే లేకుండా శబ్దం మాత్రమే వస్తే స్టెబిలైజర్ లింక్ రాడ్ చూడాలి. అది పోయినా స్టీరింగ్ లూజ్ కాదు.

యాక్సిలరేటర్ తొక్కితే ఒక వైపు, వదిలితే రెండో వైపు లాగడం: లోయర్ ఆర్మ్ బుష్‌లు.

స్టీరింగ్ తిప్పిన క్షణంలో రాక్ మొత్తం పక్కకు జరిగినట్టు కనిపించడం: రాక్ మౌంటింగ్ బుష్‌లు లేదా బోల్టులు.

కాళ్ల దగ్గర, ఫ్లోర్ నుంచి టక్‌మనడం: మధ్య షాఫ్ట్ యూనివర్సల్ జాయింట్ లేదా దాని క్లాంప్ బోల్టు.

నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ కదిలిస్తే డ్యాష్‌బోర్డ్ కింద నుంచి క్లిక్ శబ్దం: కాలమ్ మీద మోటార్ ఉన్న ఈపీఎస్‌లలో మోటార్‌ను, వార్మ్ గేర్‌ను కలిపే చిన్న కప్లింగ్ అరిగిపోయి ఉండొచ్చు.

స్పీడ్ పెరిగేకొద్దీ హమ్‌మనే మోత, మలుపులో మోత మారడం: వీల్ బేరింగ్.

స్టీరింగ్‌లో ప్లే లేదు, ముందు అంతా బిగువుగానే ఉంది, అయినా బండి వెనక భాగం ఊగుతోంది: వెనక ఆర్మ్ బుష్‌లు, వెనక అలైన్‌మెంట్. చాలా వర్క్‌షాపుల్లో ముందు చక్రాలు చూసి వదిలేస్తారు. వెనక కూడా చూడమని అడగాలి.

ఏది ఎలా రిపేర్ చేస్తారు?

టై రాడ్ ఎండ్: ఇది విడిగా దొరికే భాగం. లాక్ నట్ వదులు చేసి, జాయింట్‌ను పుల్లర్‌తో బయటికి తీసి, పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తారు. సుత్తితో కొట్టి తీస్తే పక్కనున్న భాగాలు దెబ్బతింటాయి. పాత స్ప్లిట్ పిన్ను, లాకింగ్ నట్ మళ్లీ వాడకూడదు. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్‌ను ఇంకాస్త బిగించి కుదర్చాలి తప్ప వెనక్కి వదులు చేయకూడదు.

రాక్ ఎండ్: బూట్ తీసి, రాక్ కదలకుండా పట్టి దీన్ని మారుస్తారు. కొత్త బూట్, కొత్త క్లిప్పులు తప్పనిసరి. పాత చిరిగిన బూట్‌నే తిరిగి ఎక్కిస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ అదే రిపేర్.

లోయర్ ఆర్మ్: కొన్ని మోడళ్లలో బాల్ జాయింట్, బుష్ విడిగా దొరుకుతాయి. కొన్నింటిలో ఆర్మ్ మొత్తం మార్చాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి బరువు చక్రాలపై పడ్డాక ఫైనల్ టైట్ చేయాలి. లేదంటే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. కొత్త బుష్ కొన్ని నెలలకే పోతోందంటే ఈ తప్పు జరిగిందేమో చూడాలి.

మధ్య షాఫ్ట్: విప్పే ముందు రెండు భాగాలపై గుర్తు పెట్టాలి. షాఫ్ట్ విడిపోయి ఉండగా స్టీరింగ్ వీల్ తిప్పకూడదు. తిప్పితే వీల్ వెనక ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగుతుంది. ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ దాని గుండానే వెళ్తుంది. స్టీరింగ్‌ను సీట్ బెల్టుతో కట్టేసి పని మొదలుపెట్టడం మంచి మెకానిక్ అలవాటు.

రాక్: రాక్ పళ్లే అరిగిపోయినా, లోపల నీరు చేరి తుప్పు పట్టినా అప్పుడు మాత్రమే రాక్ మార్చాలి. రాక్‌పై ఒక అడ్జస్టర్ ఉంటుంది. దాన్ని బిగిస్తే లూజ్ తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ ఎక్కువ బిగిస్తే మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. అది లూజ్ కంటే ప్రమాదం. మాన్యువల్‌లో అనుమతి లేకుండా దాన్ని ముట్టుకోనివ్వకూడదు.

కాలమ్ కప్లింగ్: చిన్న భాగమే. కానీ అది విడిగా దొరుకుతుందా, కాలమ్ మొత్తం మార్చాలా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. ఎస్టిమేట్ ఒప్పుకునే ముందు పార్ట్ నంబర్‌తో సహా అడగాలి.

ఈవీ కాబట్టి ఈ జాగ్రత్తలు తప్పనిసరి

జాకీ ఎక్కడ పెట్టాలి: కారు అడుగు భాగం అంతా బ్యాటరీయే. కంపెనీ గుర్తు పెట్టిన జాకింగ్ పాయింట్ల దగ్గర తప్ప ఇంకెక్కడా జాకీ ఆనకూడదు. బ్యాటరీ కేసింగ్‌కు సొట్ట పడితే స్టీరింగ్ రిపేర్ కాస్తా బ్యాటరీ రిపేర్ అవుతుంది.

నారింజ రంగు కేబుళ్లు: అవి హై వోల్టేజ్ లైన్లు. వాటి దగ్గర పని చేయాల్సి వస్తే ఈవీ ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్ హై వోల్టేజ్ ఐసోలేట్ చేశాకే చేయాలి. టై రాడ్ ఎండ్ లాంటి పనికి వాటిని ముట్టుకోవాల్సిన అవసరం రాదు. రాక్ దించాలంటే మాత్రం కొన్ని మోడళ్లలో సబ్‌ఫ్రేమ్ కదపాల్సి వస్తుంది.

12 వోల్ట్ బ్యాటరీ: స్టీరింగ్ వీల్, కాలమ్, ఈపీఎస్ పనుల ముందు దీని నెగటివ్ తీయాలి. అంతకుముందు కారు పూర్తిగా ఆఫ్‌లో ఉండాలి, ఛార్జింగ్ గన్ తీసి ఉండాలి, కీ దూరంగా ఉండాలి. కారు ఆన్‌లో ఉంటే పెద్ద బ్యాటరీ నుంచి డీసీ కన్వర్టర్ ద్వారా 12 వోల్ట్ లైన్‌కు కరెంట్ వస్తూనే ఉంటుంది. నెగటివ్ తీసిన తర్వాత ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిలిచిన చార్జ్ పోవడానికి మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి.

టార్క్ రెంచ్: స్టీరింగ్‌లో ఏ బోల్టూ అంచనాతో బిగించేది కాదు. కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించాలి. ఒకసారి వాడి పారేయాల్సిన బోల్టులు చాలానే ఉంటాయి. వాటిని కొత్తవే వేయాలి.

బోల్టు ఒక్కటే కదా అనుకుంటే..

ఒక్క బోల్టు ఎంత పని చేస్తుందో ఈవీల చరిత్రే చెబుతోంది. 2023లో అమెరికాలో కొత్త టెస్లా మోడల్ వై కార్లలో నడుస్తుండగానే స్టీరింగ్ వీల్ ఊడి వచ్చిందని 2 ఫిర్యాదులు అందాయి. వీల్‌ను పట్టి ఉంచే బోల్టు లేకుండానే ఆ కార్లు డెలివరీ అయ్యాయని తేలడంతో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. అదే ఏడాది నిస్సాన్ ఆరియా ఈవీలను ఇలాంటి స్టీరింగ్ బోల్టు సమస్యతోనే వెయ్యికి పైగా వెనక్కి పిలిచారు.

అంతకుముందు 2018లో టెస్లా దాదాపు 1,23,000 మోడల్ ఎస్ కార్లను రీకాల్ చేసింది. చలి ప్రాంతాల్లో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు వల్ల పవర్ స్టీరింగ్ బోల్టులు తుప్పు పట్టడం దానికి కారణం. మన దగ్గర 2023లో మారుతి సుజుకి స్టీరింగ్ టై రాడ్‌లో లోపం ఉండొచ్చని 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది. అవి ఈవీలు కావు. కానీ టై రాడ్ చేసే పని రెండింటిలోనూ ఒకటే.

అందుకే లూజ్ అని అనుమానం రాగానే ముందు చేయాల్సింది తమ మోడల్‌పై రీకాల్ ఉందేమో చూడటం. ఛాసిస్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ డీలర్ దగ్గర గానీ తెలుస్తుంది. రీకాల్ ఉంటే ఆ రిపేర్ ఉచితం.

రిపేర్ తర్వాత ఇవి లేకపోతే పని పూర్తి కానట్టే

టై రాడ్, రాక్, లోయర్ ఆర్మ్ ఏది కదిపినా వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ముందు, తర్వాత కొలతలున్న ప్రింట్ అడిగి తీసుకోవాలి. అలైన్‌మెంట్ చేయకుండా పంపిస్తే టైర్లు కొన్ని వేల కిలోమీటర్లకే ఒక అంచున అరిగిపోతాయి.

తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ క్యాలిబ్రేషన్. నేరుగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ నేరుగా ఉందని కారు కంప్యూటర్‌కు చెప్పే పని ఇది. చేయకపోతే స్టెబిలిటీ కంట్రోల్ లైట్ రావొచ్చు, లేన్ కీప్ అసిస్ట్ తప్పుగా లాగొచ్చు. రాక్ లేదా కాలమ్ మార్చితే ఈపీఎస్ టార్క్ సెన్సర్ సెట్టింగ్ కూడా స్కానర్‌తో చేయాలి.

చివరగా టెస్ట్ డ్రైవ్. టేపు, స్కేలుతో ముందు కొలిచినట్టే మళ్లీ కొలవాలి. మొదటి వీడియోతో పోల్చి చూస్తే తేడా కనిపించాలి. కనిపించకపోతే మార్చింది అసలు భాగం కాదు.

బిల్లు దగ్గర ఏం అడగాలి?

ఏ జాయింట్‌లో ప్లే ఉందో కింద నిలబెట్టి చూపించమని అడగాలి. చూపించలేకపోతే మార్చడానికి ఒప్పుకోవద్దు. తీసిన పాత భాగాన్ని ఇవ్వమని ముందే చెప్పాలి. రాక్ మార్చాలంటే రాక్ ఎండ్, టై రాడ్ ఎండ్, మౌంటింగ్ బుష్‌లు బాగున్నాయని విడివిడిగా ఎస్టిమేట్‌పై రాయించుకోవాలి.

వారంటీ విషయంలో చాలామంది పొరబడుతుంటారు. బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఉందంటే స్టీరింగ్‌కూ 8 ఏళ్లు ఉన్నట్టు కాదు. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాలు మామూలు వాహన వారంటీ కిందకు వస్తాయి. బుష్‌ల లాంటి అరిగే భాగాలకు పరిమితి ఇంకా తక్కువ ఉండొచ్చు. అందుకే వారంటీ ముగిసే లోపే ఒకసారి ప్లే కొలిపించుకుని జాబ్ కార్డుపై రాయించుకోవడం మంచిది. అప్పట్లో ఫిర్యాదు చేసినట్టు రాతపూర్వకంగా ఉంటే తర్వాత మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది.

ఇవి కనిపిస్తే బండి అక్కడే ఆపండి

స్టీరింగ్ వీల్ పైకీ కిందకీ కదలడం, ఒక్కసారిగా ప్లే పెరగడం, స్టీరింగ్ నేరుగా ఉన్నా రెండు ముందు చక్రాలు వేర్వేరు దిక్కుల్లో కనిపించడం, బ్రేక్ వేస్తే బండి పక్కకు దూకడం, చక్రం దగ్గర కటకటమనే శబ్దం పెరగడం. వీటిలో ఏది కనిపించినా "మెల్లగా నడుపుకుంటూ షెడ్డుకు వెళ్దాం" అనుకోవద్దు. మెల్లగా పక్కకు ఆపి, హజార్డ్ లైట్లు వేసి, నాలుగు చక్రాలూ పైన ఉండే ఫ్లాట్‌బెడ్ బండిని పిలవాలి. డ్రైవ్ చక్రాలు నేలపై ఉండగా లాక్కెళ్తే మోటార్ దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి ఈవీలను తాడు కట్టి లాగొద్దని చాలా కంపెనీలు హెచ్చరిస్తాయి.

బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో రోజూ చూసుకునే ఈవీ ఓనర్లు నెలకోసారి స్టీరింగ్‌కు రెండు నిమిషాలు కేటాయిస్తే చాలు. టేపు ముక్క, స్కేలు, సాయానికి ఒక మనిషి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.